బరువు తగ్గే ఆపరేషన్‌కు ముందు మనసు పరీక్ష: సంతకంతో సరిపెట్టేస్తే ఎలా?

సంపాదకులకు నమస్కారం.

మీ ఆరోగ్యం పేజీలో బరువు తగ్గే ఆపరేషన్ల మీద వేసిన వ్యాసం చదివాను. పొట్టలో చాలా భాగం కోసి తీసేసే స్లీవ్ అంటే ఏంటి, పొట్టను చిన్నది చేసి పేగుకు దారి మళ్లించే బైపాస్ (గుండెకు చేసేది కాదు) అంటే ఏంటి, చిన్న చిన్న రంధ్రాలు పెట్టి ఎలా చేస్తారు, ఎన్ని రోజుల్లో ఇంటికి పంపిస్తారు, అన్నీ బొమ్మలతో సహా వేశారు, బాగుంది. ముందు చేయించుకోవాల్సిన పరీక్షలకు ఒక బాక్సు కూడా ఇచ్చారు. రక్తపరీక్షలు, ఎండోస్కోపీ, గుండెకు ఎకో, నిద్ర పరీక్ష, వాటన్నిటి కింద చివర్లో ‘మానసిక నిపుణుల సలహా’ అని మూడు ముక్కలు. ఆ సలహా ఎవరిస్తారు, ఏం అడుగుతారు, అసలెందుకు, ఒక్క వాక్యం లేదు. నేను రాయాలనుకున్నది దాని గురించే. కాస్త పొడుగవుతుంది, చోటు లేకపోతే కత్తిరించుకోండి.

ముందే చెప్పేస్తున్నాను, నేను ఈ ఆపరేషన్లకు వ్యతిరేకిని కాను. కొన్నేళ్ల క్రితం నేనూ చేయించుకున్నదాన్నే. ప్రభుత్వ జూనియర్ కాలేజీలో లెక్చరర్ ఉద్యోగం, మూడో అంతస్తులో క్లాసుంటే రెండో అంతస్తులో గోడ పట్టుకుని నిలబడాల్సిన పరిస్థితి, షుగర్‌కు ఇన్సులిన్, రాత్రంతా గురకతో నిద్ర లేక మధ్యాహ్నం స్టాఫ్ రూములో కునికిపాట్లు. స్లీవ్ చేయించుకున్నాక ఇన్సులిన్ ఆగింది, మెట్లు ఎక్కుతున్నాను, గురక పోయిందని మా ఇంటాయన సంతోషం. చేసిన సర్జన్‌కు ఏటా సంక్రాంతికి ఫోన్ చేస్తాను. ఆయన తర్వాత నేను ఎవరికైనా దణ్ణం పెట్టాలంటే అదే ఆసుపత్రిలో పనిచేసిన క్లినికల్ సైకాలజిస్టుకే పెడతాను.

సైకాలజిస్టును కలవాలి అనగానే మా ఇంట్లో వచ్చిన మొదటి మాట "నీకేమన్నా పిచ్చా?" అని. పొట్ట కోయడానికి మెదడు చూడటమెందుకని మా అత్తగారి అనుమానం. చాలామంది ఇదొక ఇంటర్వ్యూ అనుకుంటారు, ఏదైనా తప్పు చెబితే ఆపరేషన్ ఆపేస్తారేమోనని మంచి మంచి సమాధానాలు బట్టీ పట్టి వెళ్తారు. నాకు లోపల ఉన్న బెరుకు కూడా అదే. తీరా వెళ్తే ఆవిడ అడిగినవి వేరు. ఏ వయసులో బరువు పెరగడం మొదలైంది, అప్పుడు ఇంట్లో ఏం జరుగుతోంది? ఇంతకుముందు ఏమేం డైట్లు చేశారు, ఎక్కడ వదిలేశారు? పొద్దున టిఫిన్ తింటారా, మానేసి రాత్రికి కలిపి తింటారా? ఆకలేసి తినేదెంత, కోపమొచ్చి తినేదెంత? అందరూ పడుకున్నాక వంటింట్లో లైటు వేస్తారా? తిన్న మిక్చర్ ప్యాకెట్ల కవర్లు ఎవరికీ కనపడకుండా పడేస్తారా? ఆ కవర్ల ప్రశ్న దగ్గర నేను ఆవిడ మొహం వైపు చూశాను, ఈవిడకెవరు చెప్పారా అని. మందు, సిగరెట్, గుట్కా అలవాట్లున్నాయా, ఎప్పుడైనా డిప్రెషన్‌కు మాత్రలు వాడారా, చచ్చిపోవాలనిపించిందా, ఇవి కూడా ఏ మొహమాటం లేకుండా, టిఫిన్ గురించి అడిగినంత మామూలుగా అడిగారు. తర్వాత ఇంటి సంగతులు. వంట ఎవరు చేస్తారు? మొదటి వారాల్లో మీకు ద్రవాలే కదా, పక్కన అందరికీ గుత్తివంకాయ వండి పెట్టి మీరు గ్లాసుడు మజ్జిగతేట గుక్కగుక్కగా తాగుతూ కూర్చోగలరా? ఎన్ని కిలోలు తగ్గుతారనుకుంటున్నారు? తగ్గాక మీ బతుకులో ఏం మారుతుందనుకుంటున్నారు?

ఆ చివరి ప్రశ్న చిన్నదేం కాదు. లావు తగ్గితే మొగుడు ప్రేమగా ఉంటాడని, అత్తగారు సాధించడం మానేస్తుందని, ప్రమోషన్ వస్తుందని, ఇలా లోపల ఏదో ఒక లెక్క వేసుకునే వెళ్తాం. ఆపరేషన్ షుగర్‌ను తగ్గించగలదు గానీ అత్తగారిని మార్చలేదు. అది ముందే ఎవరో ఒకరు మొహం మీద, కానీ మర్యాదగా, చెప్పాలి.

నా విషయంలో ఆవిడ ఆపరేషన్ వద్దనలేదు. రాత్రి తిండి ఒక దారికి వచ్చేదాకా ఆగుదామన్నారు, నెల పైగా వాయిదా పడింది. ఆ నెలలో తిన్నదంతా, తిన్నప్పటి మూడ్‌తో సహా, ఒక నోట్‌బుక్కులో రాయించారు. టెన్షన్ వచ్చినప్పుడు తిండి కాకుండా ఇంకేం చేయగలనో నా చేతే చెప్పించారు. మా ఇంటాయన్ని విడిగా కూర్చోబెట్టి, ఆపరేషన్ తర్వాత "ఒక్క ముద్ద తిను, ఏం కాదు" అనకూడదని చెప్పారు. ఆ ఒక్క మాట చెప్పినందుకే ఆవిడకు ఫీజు రెట్టింపు ఇవ్వొచ్చు. మన పెళ్లిళ్లలో కొసరి కొసరి వడ్డించే చేతుల నుంచి తప్పించుకోవడం పత్తిగింజంత పొట్టతో ఎంత కష్టమో అనుభవించినవాళ్లకే తెలుసు.

ఇదంతా అవసరమా అనేవాళ్ల కోసం అసలు సంగతి చెబుతాను. స్లీవ్‌లో పొట్టను సుమారు ముప్పాతిక వంతు, అంతకు మించి కూడా, కోసి తీసేస్తారు. మళ్లీ పెట్టేది కాదు. ఆకలి పుట్టించే గ్రెలిన్ అనే హార్మోన్ ఎక్కువగా తయారయ్యేది ఆ తీసేసిన భాగంలోనే, అందుకే కొన్నాళ్లు ఆకలే తెలియదు. కానీ ఆకలి కాని ఆకలి ఒకటుంది కదా, ఒంటరితనానికి, అవమానానికి, బోరు కొట్టినందుకు తినేది, దాన్ని ఏ సర్జనూ కోయలేడు. అన్నం పట్టదు, చపాతీ అడ్డం పడుతుంది, ఐస్‌క్రీమ్ మాత్రం హాయిగా జారిపోతుంది, మిల్క్‌షేక్ జారిపోతుంది, నోట్లో కరిగిపోయే మైసూర్‌పాక్ జారిపోతుంది. కొద్దికొద్దిగా రోజంతా అవే తింటూ ఉంటే చిన్న పొట్టతో కూడా బరువు తిరిగి వస్తుంది. అదీ కాకుండా, ఇరవై ఏళ్లుగా తిండిలో ఓదార్పు వెతుక్కున్న మనిషికి ఒక్క రోజులో ఆ ఓదార్పు తీసేస్తే ఆ మనిషి ఇంకెక్కడికి పోవాలి?

కొందరు మందు వైపు పోతారు. బైపాస్ చేయించుకున్నవాళ్లకు ఆల్కహాల్ చాలా త్వరగా రక్తంలోకి ఎక్కుతుంది, పాత లెక్కన రెండు పెగ్గులంటే ఇప్పుడు లెక్క వేరు. అమెరికాలో 10 ఆసుపత్రుల రోగుల మీద చేసిన అధ్యయనం ఒకటి 2012లో వచ్చింది. మద్యం సమస్యగా మారినవాళ్లు ఆపరేషన్‌కు ముందు ఏడాదిలో 7.6 శాతం ఉంటే, తర్వాత మొదటి ఏడాది పెద్ద తేడా లేదు, రెండో ఏడాదికి 9.6 శాతానికి చేరింది. రెండో ఏడాది అంటే మన దగ్గర పేషెంటుకు హాస్పిటల్‌తో సంబంధం తెగిపోయే సమయం. బరువు తగ్గింది, ఫొటో దిగింది, ఇంకెవరూ ఫోన్ చెయ్యరు.

డిప్రెషన్‌కు, మూడ్ అతిగా పైకీ కిందికీ ఊగే బైపోలార్‌కు మాత్రలు వాడేవాళ్ల సంగతి ఇంకోటి. పొట్ట, పేగు మార్గం మారాక మాత్ర ఒంటికి పట్టే తీరు మారొచ్చు, నెమ్మదిగా కరిగే రకం మాత్రలతో ముఖ్యంగా. బైపోలార్‌కు ఇచ్చే లిథియం అనే మాత్ర వాడేవాళ్లయితే రక్తంలో దాని మోతాదు జాగ్రత్తగా చూస్తూ ఉండాలి. ఆ మాత్రలు వాడుతున్న సంగతే సర్జన్‌కు చెప్పకుండా దాచేవాళ్లున్నారు మన ఊళ్లలో, సంబంధాలు చెడతాయని. సరిగ్గా అడిగే మనిషి లేకపోతే ఆ రహస్యం ఆపరేషన్ టేబుల్ దాకా అలాగే వెళ్తుంది.

ఇప్పుడు నాకు కోపం తెప్పించిన సంగతి. మా బంధువుల అమ్మాయి, ఇరవై మూడో ఇరవై నాలుగో ఏళ్లుంటాయి, సంబంధాలు కుదరట్లేదని వాళ్లమ్మానాన్నలు స్లీవ్ చేయించారు. ఆసుపత్రి పేరు చెప్పను, ఏ ఊరో కూడా చెప్పను. అడ్వాన్స్ కట్టేశారు, మర్నాడు ఆపరేషన్ అనగా సాయంత్రం ఒకావిడ ఫైలుతో గదిలోకి వచ్చి, వాళ్లమ్మ పక్కనే కూర్చుని ఉండగా, "టెన్షనేం లేదు కదమ్మా? నిద్ర బాగానే పడుతుందా?" అని అడిగి, సంతకం పెట్టించుకుని వెళ్లిపోయారు. ఆ అమ్మాయికి టెన్షన్ ఉందో లేదో తల్లి ముందు ఏం చెబుతుంది? అసలు ఈ ఆపరేషన్ నీకు కావాలా, మీ అమ్మకు కావాలా అని అడిగినవాళ్లు లేరు. స్కూల్లో డ్రమ్ము అని పిలిచారని, ఇంటర్‌లో ఉండగా తిని వేళ్లు పెట్టుకుని కక్కేదని, ఇవన్నీ ఆ పిల్ల తర్వాత నాతో చెప్పిన మాటలు. తిని కక్కే అలవాటు ఉన్న మనిషికి ముందు ఆ జబ్బు నయం చేసి తర్వాత కదా కత్తి పట్టాలి.

బరువు బాగానే తగ్గింది. పెళ్లిచూపులకు కొత్త ఫొటోలూ దిగారు. కానీ వాంతులు ఆగలేదు, అవి ఆపరేషన్ వల్లనో పాత అలవాటో ఎవరికీ తెలియలేదు, నీరసానికి చెకప్‌కు వెళ్తే విటమిన్ల కొరత తేలింది. వేలాడే చర్మం చూసుకుని ఏడుపు, ఫంక్షన్లకు రానని గదిలో తలుపేసుకోవడం. పెద్దవాళ్లేమో "ఇంత డబ్బు పోసినా నీ ఏడుపు నీదే" అని. ఇప్పుడు ఒక సైకియాట్రిస్టు దగ్గర చూపించుకుంటోంది, కాస్త నయం. మొదట జరగాల్సిన పని ఆఖర్న జరుగుతోంది. ఇంకోటి, ఆపరేషన్ అయ్యాక ఏడాది, ఏడాదిన్నర దాకా గర్భం రాకుండా చూసుకోమంటారు. పెళ్లి కోసమే ఆపరేషన్ చేయించి, పెళ్లయిన మూడో నెల నుంచి విశేషం ఉందా అని అడిగే ఇళ్లలో ఈ మాట పెళ్లికి ముందే ఇద్దరికీ ఎవరు చెప్పాలి?

ఇదేదో ఒక్క ఇంటి గోల అనుకోకండి. అమెరికాలోని యూటా రాష్ట్రంలో బైపాస్ చేయించుకున్నవాళ్లను ఏళ్ల తరబడి గమనించి 2007లో ప్రచురించిన అధ్యయనంలో, చేయించుకోని లావుపాటివాళ్లతో పోలిస్తే మొత్తం మరణాలు 40 శాతం తగ్గాయి, షుగర్ వల్ల వచ్చే చావులైతే 92 శాతం తగ్గాయి. అంటే ఆపరేషన్ ప్రాణాలు నిలబెడుతుంది, అందులో సందేహం లేదు. అదే అధ్యయనంలో ప్రమాదాలు, ఆత్మహత్యలు వంటి, జబ్బుతో సంబంధం లేని మరణాలు మాత్రం 58 శాతం ఎక్కువ. తగ్గిన అంకెలను బ్రోచర్లలో వేస్తారు, ఈ పెరిగిన అంకెను వేయరు. కెనడాలోని ఒంటారియోలో 8,815 మందిని చూసిన ఇంకో అధ్యయనం 2016లో వచ్చింది. తమకు తాము హాని చేసుకుని ఎమర్జెన్సీకి రావడం ఆపరేషన్ ముందు కంటే తర్వాత సుమారు 50 శాతం పెరిగింది, అదీ ఎక్కువగా ఆపరేషన్ అయిన రెండో, మూడో సంవత్సరాల్లో. అందులో నాకు ముఖ్యం అనిపించింది, అలా వచ్చిన ఘటనల్లో 93 శాతం ఆపరేషన్‌కు ముందే ఏదో ఒక మానసిక సమస్య ఉన్నట్టు తేలినవాళ్లవే. ముందే తెలిసినవాళ్లు! ఎవరి మీద కన్నేసి ఉంచాలో ముందే తెలుస్తుందన్నమాట, అడిగితే.

దీనికి ఎదురు వాదన కూడా విన్నాను, అందులో న్యాయం ఉంది. డిప్రెషన్ ఉన్నంత మాత్రాన ఆపరేషన్ ఆపేస్తే ఎలా, వాళ్లకే కదా ఎక్కువ అవసరం అని. నిజమే. 2016లోనే వచ్చిన ఒక పెద్ద సమీక్ష ప్రకారం ఈ ఆపరేషన్ల కోసం వచ్చేవాళ్లలో సుమారు 19 శాతానికి డిప్రెషన్, 17 శాతానికి అదుపు లేకుండా ఒక్కసారే తినేసే జబ్బు ఉన్నాయి. అవి ఉన్నవాళ్లు బరువు తక్కువ తగ్గుతారనడానికి గట్టి ఆధారం దొరకలేదు, పైగా ఆపరేషన్ తర్వాత చాలామందిలో డిప్రెషన్ తగ్గింది. అందుకే ఈ పరీక్షను పాసా ఫెయిలా అన్నట్టు వాడితే నేనూ ఒప్పుకోను. ప్రస్తుతం ఆత్మహత్య ఆలోచనలున్నవాళ్లు, మద్యం మానలేని స్థితిలో ఉన్నవాళ్లు, వైద్యం అందని తీవ్రమైన మానసిక జబ్బున్నవాళ్లు, వీళ్లకు ముందు ఆ వైద్యం చేసి తర్వాత ఆపరేషన్ చూడాలి. మిగతావాళ్లకు ఎవరికి ఎంత సాయం కావాలో రాసిపెట్టుకుని ముందుకు పోవడమే. అడ్డుకునేవాళ్ల కంటే సాయం రాసిచ్చేవాళ్లకే ఈ పనిలో విలువ ఎక్కువ. అబద్ధం చెప్పి గట్టెక్కాలనే అవసరం పేషెంటుకు లేకుండా పోయేది కూడా అప్పుడే.

ఇది కొత్త మాట కూడా కాదు. అమెరికా నేషనల్ ఇన్‌స్టిట్యూట్స్ ఆఫ్ హెల్త్ వాళ్లు 1991లోనే సర్జన్‌తో పాటు మానసిక వైద్యం, పోషకాహారం తెలిసినవాళ్లు ఉన్న బృందం రోగిని చూసి నిర్ణయించాలన్నారు. మన దగ్గర ఇన్సూరెన్స్ విషయంలో బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ పెట్టిన షరతులు చూడండి. 18 ఏళ్లు నిండాలి, బీఎంఐ (ఎత్తుకు బరువు ఎంత ఉందో చెప్పే లెక్క) 40 ఉండాలి, లేదా 35 ఉండి గుండెజబ్బు, నిద్రలో ఊపిరి ఆగిపోయే తీవ్రమైన స్లీప్ ఆప్నియా, అదుపులో లేని షుగర్ లాంటిది ఏదైనా ఉండాలి, వేరే పద్ధతుల్లో తగ్గక డాక్టర్ సలహా మీద చేయించుకోవాలి, క్లినికల్ ప్రోటోకాల్స్ (వైద్యులు పాటించే పద్ధతులు) ప్రకారం ఉండాలి. మనసు గురించి విడిగా ఒక్క మాట లేదు. ఆ ప్రోటోకాల్స్ అన్న మాటలో అదీ ఉందని హాస్పిటళ్లు అనుకుంటే ఉన్నట్టు, లేదంటే లేనట్టు.

ఈలోగా అర్హత గీత కిందికి జరుగుతోంది. 2022లో అంతర్జాతీయ సర్జన్ల సంఘాలు ఆసియా దేశాలవాళ్లకు బీఎంఐ 27.5 నుంచే ఆపరేషన్ సూచించవచ్చన్నాయి. అయిదడుగుల రెండంగుళాల మనిషికి అది సుమారు 68 కిలోలు. మా స్టాఫ్ రూములో సగం మంది అందులో పడతారు! 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 36.3 శాతం, తెలంగాణలో 30.1 శాతం మహిళలు అధిక బరువు లేదా ఊబకాయంతో ఉన్నారు, దేశం మొత్తం మీద అది 24 శాతమే. కాబట్టి రేపు మన రెండు రాష్ట్రాల్లో ఈ ఆపరేషన్ల డిమాండ్ ఎలా ఉంటుందో వేరే చెప్పాలా? బరువు తగ్గించే ఇంజెక్షన్లు వచ్చేశాయి కదా, ఇక ఆపరేషన్లెందుకు అనేవాళ్లూ ఉన్నారు. ఇంజెక్షన్ వాడేవాళ్లకైనా మనసు మనసే కదా, అది ఇంకో ఉత్తరం.

నేను అడిగేది పెద్ద ఖర్చయ్యేదేం కాదు. లక్షల రూపాయల ప్యాకేజీలో ఒక గంట, గంటన్నర మాటలకు అయ్యేది ఎంత? ఆ మాటలు అడ్వాన్స్ కట్టకముందు జరగాలి, కట్టాక వెనక్కి తగ్గే ధైర్యం ఎవరికుంటుంది. మాట్లాడే మనిషి ప్రభుత్వ సంస్థ అయిన రిహాబిలిటేషన్ కౌన్సిల్ దగ్గర రిజిస్టరైన క్లినికల్ సైకాలజిస్టో, సైకియాట్రిస్టో అయ్యుండాలి, మార్కెటింగ్ వాళ్లు కౌన్సెలర్ అని బ్యాడ్జీ తగిలించుకుని వస్తే కుదరదు. పేషెంటుతో కొంతసేపైనా ఒంటరిగా మాట్లాడాలి, ముఖ్యంగా పెళ్లికాని పిల్లలతో. తర్వాత ఇంట్లోవాళ్లతోనూ మాట్లాడాలి. రిపోర్టు కాపీ పేషెంటు చేతికివ్వాలి, ‘ఫిట్’ అని రబ్బరు స్టాంపు కొట్టిన కాగితం రిపోర్టు కాదు. ఆపరేషన్ తర్వాత కనీసం రెండు మూడేళ్లు డైటీషియన్ ఫాలో-అప్‌తో పాటు ఇదీ నడవాలి. రెండు రాష్ట్రాల ఆరోగ్య శాఖలు తల్చుకుంటే ఈ షరతులు పెట్టడం ఎంతసేపు.

ఆపరేషన్ ఇప్పటికే అయిపోయి, లోపల ఏదో బాగాలేదని అనిపిస్తున్నవాళ్లు సిగ్గుపడకుండా మీ సర్జన్‌కు ఫోన్ చేసి చెప్పండి. అది కుదరకపోతే కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరులో మొదలుపెట్టిన మానసిక సాయం ఫోన్ సేవ టెలీ మానస్ ఉంది, 14416కు చేస్తే తెలుగులోనే మాట్లాడతారు, డబ్బులక్కర్లేదు, ఏ వేళైనా చేయొచ్చు.

ఇక మీకు ఒక విన్నపం. మీ పేపర్లో ‘ముందు, తర్వాత’ అని పక్కపక్కన వేసే ఫొటోల కింద, ఆ ‘తర్వాత’ ఎన్ని నెలల తర్వాతో కూడా వేయండి. ఆరో నెలలో అందరూ నవ్వుతూనే ఉంటారు. ఈసారి ఊబకాయం మీద ఫోన్-ఇన్ పెట్టినప్పుడు సర్జన్ పక్కన సైకాలజిస్టును కూడా కూర్చోబెట్టండి, మొదటి ఫోన్ నేనే చేస్తాను.

ఇట్లు,
ఒక లెక్చరర్, విజయవాడ